టెలివిజను యాంటెన్నా: దాని చరిత్ర, దానిని నిలుపు విధము

మన పల్లెలలో ఇంటికప్పులపై అల్యూమినియము కడ్డీల యాంటెన్నా నిలిచియుండిన కాలమును ఈ సంచిక చదువు పెద్దలు ఎరుగుదురు. అది కనబడిన యింట టెలివిజను ఉన్నదని దారిన పోవువారు గుర్తించెడివారు. నేడది దాదాపు కనుమరుగైనది. కాని దాని చరిత్రయందు గ్రంథాలయ పాఠకులు గ్రహింపదగిన పాఠమొకటి కలదు. కేంద్రము నుండి వెలువడు తరంగము ధనికుని మేడపైనను పేదవాని పెంకుటింటిపైనను సమానముగనే పడును. దానిని అందుకొను విద్య తెలిసినవారికే బొమ్మ దక్కును.

ఈ యాంటెన్నాకు పుట్టినిల్లు జపాను దేశము. సెండాయి నగరమందలి తోహోకు విశ్వవిద్యాలయమున షింటారో ఉడా, హిడెట్సుగు యాగి అను విద్వాంసులు 1926లో దీనిని లోకమునకు తెలిపిరి. పరిశోధనయందు అధికభాగము ఉడాదే. అయినను 1928లో యాగి ఆంగ్లమున ప్రకటించిన వ్యాసమువలన పాశ్చాత్యులు దీనికి యాగి పేరే పెట్టిరి. స్వదేశమున మాత్రము దీనికి ఆదరణ లభింపలేదు. 1942లో సింగపూరును జయించిన జపాను సైనికులకు బ్రిటిషువారి రాడారును గూర్చిన వ్రాతపుస్తకమొకటి చిక్కెను. అందు మాటిమాటికి కనబడిన ‘యాగి’ అను మాటకు అర్థమేమో వారికి బోధపడలేదు. అది తమ దేశీయుని పేరేయని చెరబడిన శత్రుసైనికుడు వారికి చెప్పవలసివచ్చెను. ఇంట పుట్టిన విద్యయైనను చదువువారు లేనిచో పరాయిదగునని దీనివలన తెలియుచున్నది.

మన దేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకముగ మొదలయ్యెను. తెలుగు పల్లెలకది మొదట ఆకాశమార్గమున వచ్చెను. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు విద్యా ప్రసారములు జరిగెను. నాటి ఆంధ్రప్రదేశ్ ఆ రాష్ట్రములలో ఒకటి. ఆ గ్రామములకు వలసిన టెలివిజను పెట్టెలు హైదరాబాదులోని ఈ.సి.ఐ.ఎల్. కర్మాగారమున తయారయ్యెను. వాటి యాంటెన్నా సుమారు 3 మీటర్ల వెడల్పుగల పళ్లెము. కోళ్లగూళ్లకు కట్టు తీగెవలతో దానిని అల్లిరి. ఉపగ్రహము తూర్పు ఆఫ్రికాపై ఆకాశమున నిలిచియుండుటచే, ఆ పళ్లెములు మన ప్రాంతమున పడమటి దిక్కుకు, కొంచెము దక్షిణముగ ముఖము త్రిప్పియుండెను. వాటికి ఎత్తైన స్తంభము అక్కరలేదు. ఆ వైపు ఆకాశము అడ్డులేక కనబడిన చాలును. గడువు తీరినంతనే అమెరికావారు ఉపగ్రహమును మరలించుకొనిపోయిరి. భూతల కేంద్రము అందని గ్రామములలో తెరలు చీకటిపడెను.

1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమయ్యెను. 1982లో రంగుల ప్రసారములు వచ్చెను. 1984లో దేశమంతట చిన్న ప్రసార కేంద్రములు ముమ్మరముగ వెలసెను. అప్పటినుండి పల్లెలలో యాగి యాంటెన్నాల కాలము నడచెను.

ఆ యాంటెన్నాయందు మూడు విధములైన కడ్డీలు కలవు. మడతపెట్టిన కడ్డీ తరంగమును అందుకొనును. దానికంటె కొంచెము పొడవైన కడ్డీ వెనుక నిలిచి, వెనుకవైపు పోవు శక్తిని ముందుకు మరలించును. కొంచెము పొట్టివైన కడ్డీలు ముందు నిలిచి, ఆ దిక్కునుండి వచ్చు తరంగమును లోనికి నడపును. మడత కడ్డీ పొడవు తరంగదైర్ఘ్యములో ఇంచుమించు సగముండవలెను. 4వ ఛానలు 61 నుండి 68 మెగాహెర్ట్‌జుల వరకు గలది. దానికి సుమారు 2.3 మీటర్ల కడ్డీ వలయును. 174 నుండి 230 మెగాహెర్ట్‌జుల ఛానళ్లకు ముప్పాతిక మీటరు చాలును. కావున కొనువాడు మొదట అడుగవలసినది వెల కాదు. తన కేంద్రము ఏ ఛానలున ప్రసారము చేయునో అది. ఒక ఛానలుకై చేసినది ఎంత ఖరీదైనదైనను మరియొక ఛానలుకు సరిగా పనిచేయదు. ముందు కడ్డీలు పెరిగినకొలది బలము పెరుగును, చూపు ఇరుకగును. అట్టిదానిని గురి తప్పక త్రిప్పవలెను.

ఇక ఎత్తు. ఈ తరంగములు దాదాపు తిన్ననిదారిన పోవును. భూమి గుండ్రమగుటచే కొంతదూరమునకు నేల అడ్డువచ్చును. ప్రసార స్తంభము 100 మీటర్లైనచో దాని చూపు సుమారు 41 కిలోమీటర్లు. మన గడ 4 మీటర్లున్న మరి 8, 16 మీటర్లున్న మరి 16 కిలోమీటర్లు దానికి చేరును. అనగా ఎత్తు నాలుగింతలైన మన పాలు రెండింతలే యగును. అందుచేత గడను మిక్కిలి పెంచుటకంటె ఊరిలోని మెరకచోటు ఎంచుకొనుట మేలు.

దిక్కు విషయమున ప్రజలే ఒక పద్ధతి ఏర్పరచుకొనిరి. కప్పుమీద ఒకడు గొట్టమును త్రిప్పుచుండ, వాకిట నిలిచినవాడు లోపలివారి మాటను పైకి అందించెడివాడు. చుక్కలు తగ్గినచోట ఆపెడివారు. బొమ్మ ప్రక్కన నీడబొమ్మ కనబడినచో తరంగము కొండనో నీళ్లట్యాంకునో తాకి మరియొక దారిన ఆలస్యముగ వచ్చినదని అర్థము. ఆ దారి 300 మీటర్లు ఎక్కువైనచో 52 సెంటీమీటర్ల వెడల్పు తెరపై నీడ సుమారు ఒక సెంటీమీటరు ప్రక్కకు పడును. దానిని ఏ బూస్టరును తొలగింపజాలదు. యాంటెన్నాను కొంచెము త్రిప్పియో, నాలుగడుగులు జరిపియో నీడను తగ్గించుకొనవలెను.

బూస్టరు బొమ్మతోపాటు చుక్కలనుగూడ పెంచును. దానిని గడపైన, యాంటెన్నా చెంతనే కట్టుట ఉత్తమము; తీగెలో క్షీణించిన పిదప పెంచుటవలన లాభము స్వల్పము. అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణరక్షణ. గడ కూలినను విద్యుత్తు తీగెలకు తగులనంత ఎడముగ దానిని నిలుపవలెను. గడనుండి లావైన తీగెను తడినేలలో పాతిన కడ్డీకి కలుపవలెను. ఉరుములు వినబడుటకు ముందే యాంటెన్నా తీగెను పెట్టెనుండి ఊడదీయవలెను; వినబడిన పిదప దానిని తాకరాదు.

2004 డిసెంబరులో దూరదర్శన్‌వారు నెలసరి రుసుము లేని ఉపగ్రహ ప్రసారములను ఇంటింటికి మొదలిడిరి. 2022 మార్చి నాటికి కొద్ది కేంద్రములు దక్క, తమ పాత భూతల ప్రసారములను నిలిపివేసిరి. పడమరకు చూచిన తీగెవల పళ్లెములకు బదులు నేడు ఆగ్నేయమునకు చూచు చిన్న పళ్లెములు వచ్చెను. అయినను నేర్చిన విద్య వ్యర్థము కాదు. ఎఫ్.ఎం. రేడియో దూరమునుండి వినదలచువానికి కడ్డీ పొడవు, ఎత్తు, దిక్కు అను ఈ మూడు నియమములే నేటికిని ఆధారము. అక్కడ మడత కడ్డీ సుమారు ఒకటిన్నర మీటరుండవలెను.

పెట్టెను ధనముతో కొనవచ్చును. దానిని సరిగా వాడు నేర్పు చదువువలననే అబ్బును. ఒక యింటివారు తెలిసికొనినది పొరుగింటికి చెప్పుటవలననే ఆనాడు వీధివీధిన బొమ్మ కుదిరెను. ఒకరి యెరుకను పదిమందికి పంచు ఈ ధర్మమునే మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగ నడుపుచున్నది. ఇకమీదటను అది వర్ధిల్లుగాక.