వారసులు లేని సంపద

హైదరాబాదు వెళ్ళివచ్చిన మన కుటుంబాల వారు సాలార్‌జంగ్ మ్యూజియంలోని ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మను గురించి మురిసిపోతూ చెబుతారు. 1876లో మొదటి సాలార్‌జంగ్ ఇటలీలో కొన్న ఆ బొమ్మను నేటిదాకా కాపాడినదెవరో మాత్రం మనం అరుదుగా తలుచుకుంటాం.

మూడవ సాలార్‌జంగ్, నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్, 1914లో దివాను పదవి వదలి, శేషజీవితం కళాఖండాల సేకరణలో గడిపారు. ఆయన అవివాహితులు. 1949లో కన్నుమూయగా ఆ సంపద చెదిరిపోయే ప్రమాదం ఏర్పడింది. ఎస్టేటు కమిటీ బాధ్యత వహించింది. కళావిమర్శకులు జేమ్స్ కజిన్స్ వస్తువులను ఏర్చి కూర్చారు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడిలో నెహ్రూగారు మ్యూజియాన్ని ప్రారంభించారు. వంశీయులతో రాజీ కుదిరి 1958లో అది కేంద్రప్రభుత్వానికి దక్కింది.

1961 నాటి పార్లమెంటు చట్టంతో 11 మంది సభ్యుల మండలి ఏర్పడింది. రాష్ట్ర గవర్నరే అధ్యక్షులు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలతో, ఉస్మానియా విశ్వవిద్యాలయంతో పాటు సాలార్‌జంగ్ వంశానికీ అందులో స్థానముంది. మండలి విధానం నిర్ణయిస్తుంది. డైరెక్టరు నడుపుతారు. కీపర్లు తమ శాఖలోని వస్తువులకు లెక్క చెబుతారు. పరిరక్షణ నిపుణులు చెద నుండీ, తేమ నుండీ కాపాడతారు. మనుషులు మారినా సంపద నిలిచిందంటే ఈ బాధ్యతల పంపకమే కారణం.

మన ఇళ్ళలోనూ అవ్వల ఇత్తడి బిందెలు, తాతల నాటి ఫొటోలు, ఓడ కాగితాలు ఉన్నాయి. వాటి లెక్క ఎవరు రాస్తున్నారు? మన తరువాత ఎవరికి అప్పగిస్తాం? ఈ ఉత్సవాలు ముగిసేలోగా మనమంతా కూర్చుని తేల్చుకుందాం.