పెద్దపల్లి తీరాన గోదావరి: నీటిలో కరిగిన ఖనిజాలు

పెద్దపల్లి జిల్లా ఉత్తరపు అంచున పారే గోదావరి కంటికి కనిపించే ఒండ్రునే కాదు, కనిపించని బరువునూ మోస్తుంది. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, బైకార్బనేట్, సల్ఫేట్, క్లోరైడ్, సిలికా అందులో ముఖ్యమైనవి. ఒండ్రు బిందె అడుగుకు చేరుతుంది. ఇవి మాత్రం వడగట్టినా నీటిని వదలవు. తేరిన నీటిని మరిగిస్తే బొగ్గుపులుసు వాయువు లేచిపోతుంది, కాల్షియం కార్బనేటుగా మారి గిన్నె గోడలకు తెల్లటి గార కడుతుంది. ఆ సున్నం ఎక్కడిది? బొగ్గు బావులు, రామగుండం విద్యుత్ కేంద్రం పక్కనే ఉన్నాయి కాబట్టి ఇక్కడిదేనని అనుకోవడం సహజం. నది నడిచి వచ్చిన నేలను చూస్తే, అందులో పెద్ద వాటా ఎగువన మహారాష్ట్ర నల్లరాతి పీఠభూమిదేనని ఒప్పుకోవాలి.

త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టేదాకా గోదావరి దారి చాలావరకు బసాల్ట్ అనే నల్లరాయి మీదే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా గడ్డకట్టి ఆ రాయి అయింది. వాన నీరు నేలలోకి ఇంకుతూ, వేళ్లూ సూక్ష్మజీవులూ విడిచిన బొగ్గుపులుసు వాయువును కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లానికి బసాల్ట్ తొందరగా లొంగి కాల్షియం, మెగ్నీషియం, సిలికాలను నీటికి ఇచ్చేస్తుంది. మిగిలిన మన్నే నల్లరేగడి. ఖండాల నేలలో బసాల్ట్ 5 శాతం కూడా లేదు, అయినా సిలికేట్ రాళ్లు కరిగేటప్పుడు ఖర్చయ్యే బొగ్గుపులుసు వాయువులో దాదాపు 30 శాతం దానిదేనని అంచనా. పెద్దపల్లి గ్రానైటు అలా కాదు. అందులోని క్వార్ట్జ్ దాదాపు కదలదు, ఫెల్డ్‌స్పార్ నిదానంగా అరుగుతుంది. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీకి ఆధారమైన సున్నపురాయి బసాల్ట్ కంటే వేగంగా కరుగుతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, కానీ ఆ పట్టీ ఎగువ పరీవాహకం ముందు చాలా చిన్నది. పైగా స్వచ్ఛమైన సున్నపురాయి కరిగితే సిలికా రాదు. కాల్షియం, మెగ్నీషియంతో పాటు సిలికా కూడా వచ్చిందంటే అది సిలికేట్ రాయి ఆనవాలు.

బొగ్గు బావుల ప్రభావం లేదనడం మాత్రం పొరపాటు. బొగ్గుతో ఉండే ఇనుప గంధకం గాలికీ నీటికీ తగిలితే గంధకామ్లం పుట్టి సల్ఫేట్ పెరుగుతుంది. ఊళ్ల మురుగు క్లోరైడ్, సోడియం, నైట్రేట్‌లను తెస్తుంది. వరదలో ఇవన్నీ పలచబడతాయి, ఎండాకాలం ధార సన్నబడ్డాక చిక్కబడతాయి. రాతి నుంచి వచ్చే లవణాలదీ అదే తీరు: ఎర్రటి వరద నీటి కంటే వేసవిలోని తేట నీటిలోనే సాధారణంగా లీటరుకు ఎక్కువ ఖనిజం, ఏడాది మొత్తం బరువులో ఎక్కువ భాగం మాత్రం వరదలదే. శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి జలాశయాలు ఒండ్రును ఆపగలవు కానీ కరిగినదాన్ని ఆపలేవు. అయితే నిలిచిన నీరు ఆవిరవుతూ లవణాలను చిక్కబరుస్తుంది, డయాటమ్ అనే నాచు సిలికాను తన పెంకు కోసం తీసుకుంటుంది. అందుకే రాతి వాటానూ మనిషి వాటానూ ఒకే సీసా నీటితో విడదీయలేం. ఎల్లంపల్లి దిగువన ఒకటి, గోదావరిఖని దాటాక మానేరు నది ఇంకా కలవకముందే మంథని దగ్గర ఒకటి, వానాకాలంలోనూ వేసవిలోనూ నమూనాలు తీయాలి. ఆ రెండు చోట్ల మధ్య సిలికా అంతే ఉండి సల్ఫేట్, క్లోరైడ్ పెరిగితే, ఆ పెరుగుదలకు ఎగువ నల్లరాయిని కారణంగా చూపడం కుదరదు.