నెబ్రాస్కా పొలం, నెవాడా విడాకులు

అమెరికాలో పొరుగు రాష్ట్రం కోర్టు కూడా చట్టం దృష్టిలో పరాయి కోర్టే. ఒక రాష్ట్రం తీర్పును మరో రాష్ట్రం మన్నించాలని అక్కడి రాజ్యాంగం చెబుతుంది. ఆ మన్నన పొలం గట్టు దాకా వచ్చి ఆగింది.

1895లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక జంట విడిపోయింది. నెబ్రాస్కాలోని హామిల్టన్ కౌంటీలో ఉన్న పొలం భార్యకు దక్కాలని కోర్టు చెప్పింది. భర్త దస్తావేజు రాసివ్వలేదు. కోర్టు నియమించిన కమిషనరే అతని బదులు సంతకం పెట్టి ఆమెకు రాసిచ్చాడు. భర్త మాత్రం అదే పొలాన్ని ఒకరికి తాకట్టు పెట్టి, ఇంకొకరికి రాసేశాడు. ‘ఫాల్ వర్సెస్ ఈస్టిన్’ పేరుతో ఆ తగాదా సుప్రీంకోర్టుకెక్కింది. 1909లో జస్టిస్ మెకెన్నా తీర్పు రాశారు: వాషింగ్టన్ కోర్టు తన ముందున్న మనిషిని ధిక్కారం కింద జైల్లో పెట్టయినా సంతకం చేయించవచ్చు, కమిషనర్ సంతకానికి మాత్రం నెబ్రాస్కా నేల మీద విలువ లేదు. ఇద్దరు న్యాయమూర్తులు విభేదించారు, కారణాలు రాయలేదు. రాసి ఉంటే బాగుండేది. భార్య చేతికి మిగిలింది అక్కరకురాని కాగితమే కదా.

1931లో నెవాడా, ఆరు వారాలు నివాసముంటే చాలు, విడాకులిస్తామంది. న్యూయార్క్ భర్తలకు నెవాడాలోని రీనో నగరానికి దారి దొరికింది. ‘ఎస్టిన్’ కేసులో భార్యకు నెలకు 180 డాలర్ల భరణం చెల్లించాలని న్యూయార్క్ కోర్టు 1943లోనే ఆదేశించింది. భర్త నెవాడా వెళ్లి 1945లో విడాకులు తెచ్చుకుని, చెల్లింపులు ఆపేశాడు. ఆమె నెవాడా కోర్టు గడప తొక్కలేదు. 1948లో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ డగ్లస్ ఈ విడాకులను రెండుగా చీల్చారు: పెళ్లి రద్దయింది, బాకీ రద్దు కాలేదు. జస్టిస్ జాక్సన్‌కు ఇది మింగుడుపడలేదు. 1957లో ‘వాండర్‌బిల్ట్’ తీర్పు, ముందస్తు భరణం ఆదేశం లేని భార్యకూ ఇదే రక్షణ ఇచ్చింది.

తిరుపతిలో పెళ్లై మిస్సోరీలో విడాకులు పొందిన కేసులో మన సుప్రీంకోర్టు 1991లో ఇంకా ముందుకెళ్లి, ఆ విడాకులనే ఒప్పుకోలేదు. ఆస్తి మాట అందులో లేదు. దానికి 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ఉంది. 16వ సెక్షన్ ప్రకారం భూమి దావా భూమి ఉన్నచోటే వేయాలి. ప్రతివాది స్వయంగా చేయదగిన పనితోనే పరిహారం పూర్తిగా దక్కేటట్లయితే అతను ఉండే ఊళ్లోనూ వేయవచ్చు. వాషింగ్టన్ కోర్టుకు మిగిలిన అధికారమూ అదే, మనిషి మీద. విదేశీ కోర్టుల సొమ్ము డిక్రీల సంగతి 44ఎ సెక్షన్‌ది. దానికింద గుర్తించిన దేశాల్లో బ్రిటన్ ఉంది, అమెరికా లేదు. అమెరికా డిక్రీ పట్టుకుని నేరుగా జప్తుకు వెళ్లడం కుదరదు. దాని ఆధారంగా 3 ఏళ్లలోపు ఇక్కడ మళ్లీ దావా వేసుకోవాలి.