తోలు పడవ నుంచి కార్బన్ పడవ దాకా



తుంగభద్ర ఒడ్డున పుట్టి పెరిగినవారికి పుట్టి సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. వెదురు బద్దలను గుండ్రంగా బుట్టలా అల్లి, పైన తోలు కప్పిన పడవ అది. హరిగోలు అని కూడా అంటాం. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ దీన్ని చూశాడు. పదిహేను, ఇరవై మందిని మోస్తుందనీ, తిన్నగా పోకుండా గిరగిరా తిరుగుతూ పోతుందనీ రాసిపెట్టాడు. తోలు పోయి ఇప్పుడు ప్లాస్టిక్ పట్టాలు, తారు వచ్చాయి గాని బుట్ట మాత్రం అదే.

లోపల ఎముకల గూడు, పైన చర్మం. ఇదే ఆలోచనతో భూమికి మరో కొసన, మంచు సముద్రాల దగ్గర, ఇంకో పడవ పుట్టింది. దాని పేరు కయాక్. ఈ రెండు జాతుల పనివాళ్లు ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. అయినా ఆలోచన కలిసింది. ఆ కయాక్ ఈనాడు కార్బన్ ఫైబర్‌తో తయారవుతోంది. ఈ ప్రయాణం ఎలా సాగిందో ఇవాళ చెప్పుకుందాం.

గ్రీన్‌లాండ్, ఉత్తర కెనడా, అలాస్కా తీరాల్లో ఇనూయిట్, ఉనంగన్ ప్రజలు వేల ఏళ్లుగా సముద్రంలో వేటాడి బతికారు. అక్కడ చెట్లు దాదాపు ఉండవు. అలలు ఒడ్డుకు తెచ్చిపడేసిన కొయ్యతో చట్రం కట్టి, దానిపై సీల్ చేప అని మనవాళ్లు పిలిచే నీటి జంతువు తోలు బిగించేవారు. పడవ కొలతలు వేటగాడి ఒంటి కొలతలే. చాలా చోట్ల పొడవు అతని మూడు బారలు. తోలు కుట్టేది ఆడవాళ్లు. సూది తోలు మందంలోనే దూరాలి, అవతలికి పొడుచుకుని రాకూడదు. వస్తే ఆ రంధ్రం గుండా నీరు చేరుతుంది. ఆ నీళ్లలో పడవ మునిగితే మనిషి ఎక్కువసేపు బతకడు. కాబట్టి ఆ కుట్టు మీదే ఇంటాయన ప్రాణం ఆధారపడేది. పడవ ఎంత తేలికంటే, మంచుగడ్డలు అడ్డొస్తే వేటగాడు దాన్ని భుజానికెత్తుకుని నడిచి వెళ్లేవాడు.

ఐరోపా వాళ్లు ఈ పడవను చూసి మెచ్చుకున్నారు. 1865లో జాన్ మెక్‌గ్రెగర్ అనే స్కాట్లాండ్ వాడు కయాక్ పోలికతో 'రాబ్ రాయ్' అనే పడవ చేయించుకుని ఐరోపా నదుల్లో తిరిగాడు. కాని అది ఓక్ చెక్క పడవ. బరువు సుమారు 36 కిలోలు. రూపం తీసుకున్నారు గాని, లోపలి కిటుకు అప్పటికి పట్టుబడలేదన్నమాట.

దాన్ని పట్టుకున్నది జర్మనీ. 1905లో మ్యూనిక్‌లో చదువుకుంటున్న ఆల్‌ఫ్రెడ్ హాయ్‌రిష్, కర్రల చట్రం మీద గుడ్డ తొడిగి, విప్పి మడిచి సంచిలో పెట్టుకునే పడవ కట్టాడు. 1907లో దాని హక్కులు కొన్న యోహాన్ క్లెప్పర్ ఎవరనుకున్నారు? ఒక దర్జీ! కుట్టుపని తెలిసినవాడి చేతికే పడవ మళ్లీ చేరింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఈ మడత పడవలకు ప్రత్యేకంగా పోటీలు పెట్టారు. ఆ తర్వాత మళ్లీ పెట్టలేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫైబర్ గ్లాస్ వచ్చింది. అంటే గాజు పోగుల గుడ్డను రెజిన్ అనే జిగురులో తడిపి, అచ్చులో పరిచి గట్టిపరచడం. అప్పటినుంచి లోపలి చట్రం అక్కరలేకపోయింది. చర్మమే ఎముక కూడా అయింది.

ఇక కార్బన్ ఫైబర్. పల్లెల్లో బొగ్గుల బట్టీ చూసే ఉంటారు. కట్టెలు పేర్చి, మట్టి కప్పి, గాలి సరిగా ఆడకుండా కాలిస్తే బూడిద కాకుండా బొగ్గవుతుంది. 1879లో ఎడిసన్ నూలు దారాన్ని ఇలాగే బొగ్గుగా మార్చి దీపంలో వెలిగించాడు. ఆ తర్వాత వెదురు పీచును కూడా వాడాడు. 1960 ప్రాంతంలో జపాన్‌లో అకియో షిండో, కొద్ది ఏళ్లకే ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధనశాల వాళ్లు, అక్రిలిక్ జాతి పోగుతో ఆ పని చేశారు. ముందు 200 నుంచి 300 డిగ్రీల వేడిలో గాలి తగలనిచ్చి, తర్వాత గాలి లేకుండా 1000 డిగ్రీలు దాటించి కాలిస్తే సన్నని నల్లని పోగు మిగులుతుంది. అది మన తలవెంట్రుకలో పదోవంతు మందం. ఉక్కు కంటే నాలుగు రెట్లకు పైగా తేలిక, లాగితే ఉక్కులా నిలుస్తుంది.

ఈ పోగుల గుడ్డను అచ్చులో పరిచి ఎపాక్సీ జిగురు పట్టిస్తారు. పైన ప్లాస్టిక్ సంచి మూసి పంపుతో గాలి లాగేస్తారు. గాలి పూర్తిగా పోతే బయటి వాతావరణం చదరపు మీటరుకు దాదాపు 10 టన్నుల బరువుతో అదుముతుంది. అదనపు జిగురు బయటికి వస్తుంది. జిగురు మిగిలితే అది దండగ బరువే కదా! రెండు పొరల నడుమ తేలికైన నురుగు పలక పెడితే, బరువు పెద్దగా పెరగకుండానే బిగువు వస్తుంది.

అయితే కార్బన్‌కు ఒక దుర్గుణం ఉంది. వెదురు వంగుతుంది, తోలు సాగుతుంది, ప్రమాదం వస్తోందని ముందే చెబుతాయి. కార్బన్ చెప్పదు, ఫెళ్లున విరుగుతుంది. రోల్స్ రాయిస్ సంస్థ తన కొత్త విమాన ఇంజన్‌కు కార్బన్ రెక్కలు పెట్టి చూస్తే, పక్షి తగిలే పరీక్షలో అవి పగిలిపోయాయి. టైటానియం రెక్కలకు మారవలసి వచ్చింది. పెరిగిపోయిన ఖర్చులతో 1971లో ఆ సంస్థ దివాలా తీసింది. అందుకే రాళ్ల నదుల్లో తిరిగే కయాక్‌లకు కార్బన్‌తో పాటు కెవ్లార్ పోగు కలిపి నేస్తారు. 1965లో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టిన పదార్థమది. కార్బన్ చిట్లినా కెవ్లార్ చినిగిన ముక్కలను పట్టి ఉంచుతుంది.

ఇవాళ ఒలింపిక్స్‌లో ఒంటరిగా నడిపే పరుగు కయాక్ 5 మీటర్ల 20 సెంటీమీటర్ల దాకా పొడవుండవచ్చు. బరువు మాత్రం 12 కిలోలకు తగ్గకూడదని నియమం. ఇంకా తేలిగ్గా చేయడం నేటి పనివాళ్లకు కష్టమేమీ కాదు. కాని ఆ గీత గీయకపోతే పోటీ తెడ్డు వేసే చేతుల మధ్య కాక, డబ్బు సంచుల మధ్య జరుగుతుంది.

మరొక మాట. ఇనూయిట్ వేటగాడి పడవ చిరిగితే ఇంట్లోనే కుట్టుకునేవారు. మన పుట్టి చిల్లు పడితే ఒడ్డునే అతుకు వేస్తారు. కార్బన్ పడవను బాగుచేయాలంటే అందుకు తగిన జిగురు, పనిముట్లు, నేర్పు కావాలి. పాతబడితే మళ్లీ కరిగించి పోత పోయడం కుదరదు. తేలిక పెరిగింది, దానితో పాటు పరాధీనత కూడా పెరిగింది.

తేలికదనం వస్తువు ఇచ్చిన వరం కాదు. ఎక్కడ బలం కావాలో, ఎక్కడ అక్కరలేదో తెలిసిన చేతి చలవ అది. ఆ తెలివి ఏ ప్రయోగశాలా లేని రోజుల్లోనే తోలు కుట్టిన ఆడవాళ్లకు, బుట్ట అల్లిన మేదరులకు ఉంది. ఈసారి నది దాటేటప్పుడు పుట్టి అంచు మీద చెయ్యి వేసి ఆ వెదురు అల్లికను ఒకసారి చూడండి. కార్బన్ గుడ్డ నేతలో కూడా పోగులు అలాగే ఒకదాని మీదుగా, మరొకదాని కిందుగా పోతాయి.