వేళ్ల మధ్య దారం

దగ్గరికి జరిగి కూర్చో అబ్బాయ్. నెగడు ఇప్పుడే రాజుకుంది. ఆ కొత్త రీలు మాత్రం మంట పక్కన పెట్టకు, అరుగు మీద పెట్టు. ఆ దారానికి సెగ పడదు. గాలానికి మోనో దారం మంచిదా, బ్రెయిడ్ దారం మంచిదా అని పొద్దున్నుంచి నా ప్రాణం తోడేస్తున్నావు కదూ? ఒక్క ముక్కలో చెప్పేస్తే చెప్పులు తొడుక్కుని వెళ్లిపోతావు. అందుకే మా తాత దగ్గర మొదలుపెడతాను.

మా చిన్నతనంలో గోదావరి కాలవ గట్టున గాలం వెయ్యాలంటే కొట్లో కొనేది ముల్లు ఒక్కటే. అర్ధణాకి రెండు. కర్రకి వెదురు, తేలడానికి జీలుగు బెండు, మునగడానికి చిటికెడు సీసం. అర్ధణా అంటే గుర్తొచ్చింది, 1957లో నయాపైసలు వచ్చినప్పుడు అర్ధణాకి మూడు నయాపైసలని కొట్టాయన లెక్క చెబితే, మిగిలిన వీసమెత్తు ఎవరి జేబులోకి పోతోందని మా నాయనమ్మ వారం రోజులు తగువాడింది. సరే, ఆ తగువు ఇంకోరోజు. దారం సంగతి చూద్దాం.

దారం ఇంట్లోనే తయారయ్యేది. జనుము నార తడిపి, తొడ మీద అరచేత్తో పేనేవాడు తాత. నూలుదైతే తుమ్మచెక్క కషాయంలో నానబెట్టేవాడు. ఆ వగరు పట్టకపోతే నీళ్లలో నూలు ఇట్టే కుళ్లిపోతుంది. పట్టినా ఊరుకోకూడదు. గట్టు నుంచి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా ముందు దారం మంచినీళ్లలో జాడించి, రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టి, ఆరాక ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లాగేవాడు. ఎక్కడ గరుకు తగిలితే అక్కడ తుంచి మళ్లీ ముడేసేవాడు. అప్పటిదాకా అన్నానికి కూర్చునేవాడు కాదు. నాయనమ్మ పిలిచి పిలిచి విసుక్కునేది.

గట్టు మీద మర్యాదలు కూడా ఉండేవిలే. ఒకరి కర్ర ఇంకొకరు దాటకూడదు. ‘ఏమైనా పడ్డాయా?’ అని అడగకూడదు, ‘నీరెలా ఉంది?’ అనాలి. నువ్వైతే ఇందాక ముందు బుట్టలోకి తొంగిచూసి ఆ తర్వాత నన్ను పలకరించావు, చూశాన్లే.

తర్వాత కొన్నేళ్లకి మా మేనమామ కాకినాడ బజారు నుంచి ఒక చుట్ట పట్టుకొచ్చాడు. తెల్లగా, గాజు తీగలా ఉంది. నైలాన్. అమెరికాలో డ్యుపాంట్ వాళ్ల దగ్గర వాలెస్ కారొథర్స్ అనే రసాయన పండితుడు 1935లో దాన్ని చేశాడట, 1938లో ముందు పళ్ల బ్రష్షుల కుచ్చులుగా అమ్మారట. ఇవన్నీ నేను తర్వాత చదువుకున్నవి. ఆ రోజున మాకు తెలిసిందల్లా ఒకటే: పంటితో కొరికినా తెగలేదు, నీళ్లలో వేస్తే కనబడలేదు, కుళ్లదని కొట్టువాడు ఒట్టేశాడు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు కదా, వారం తిరిగేసరికి తాత పేనిన ఉండలు అటకెక్కాయి.

మామ దాన్ని ప్రేమగానే చూసుకున్నాడు. కాకపోతే నూలు దారాన్ని చూసుకున్నట్టు చూసుకున్నాడు. రోజూ మిట్టమధ్యాహ్నం ఎండలో వసారా మేకుకి వేలాడదీసేవాడు. ఎండ నూలును కాపాడుతుంది, అదే ఎండ నైలాన్‌ను పెళుసు చేస్తుంది. ఆ సంగతి అప్పుడెవరికి తెలుసు? కుళ్లదన్నారు కాబట్టి వేళ్లతో తడిమి చూడడం కూడా మానేశాడు. రెండు వేసవులు గడిచాక మోకాలెత్తు వాలుగ ఒకటి ముల్లు మింగింది. ఒక్క విదిలింపుకి పుటుక్కుమంది. ఆ రాత్రి కూర్చుని దారమంతా తడిమి చూశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

మామ తెచ్చిన ఆ నైలాన్ దారమే నువ్వు మోనో అంటున్నది. కాబట్టి దాని గుణం విను. అది ఒకే పోగు. లాగితే సాగుతుంది, పొడవులో నాలుగో వంతు దాకా కూడా సాగగలదు. చేప తల విదిలించినప్పుడు ఆ సాగుడే నీ ముల్లును కాపాడుతుంది. రాళ్లకీ, ఆల్చిప్పలకీ ఒరుసుకున్నా కొంత ఓర్చుకుంటుంది. నీళ్లు పీలుస్తుంది గనక తడిస్తే బలం కాస్త తగ్గుతుంది. చాలాకాలం రీలు మీదుంటే జిలేబీ చుట్టల్లా వస్తుంది. ఎండ తగలని చోట దాచు, ఏటా మార్చేసెయ్, దాని ఖరీదెంత గనక! ముడి బిగించే ముందు ఉమ్మితో తడుపు. పొడిగా బిగిస్తే ఆ రాపిడి వేడికే ముడి దగ్గర దెబ్బతింటుంది.

ఇక నీ బ్రెయిడ్. గడ్డిపరకలన్నీ కలిస్తే ఏనుగును కట్టొచ్చంటారే, అది అచ్చంగా దీనికే సరిపోతుంది. నాలుగు పోగులో, ఎనిమిది పోగులో కలిపి జడ అల్లినట్టు అల్లుతారు. బరువుకి బరువు తూస్తే ఉక్కు కంటే గట్టిది. ఇరవై పౌన్ల బరువు ఆపే బ్రెయిడ్ దాదాపు ఆరు పౌన్లు ఆపే మోనో అంత సన్నంగా ఉంటుంది. సాగదు గనక ఎంత లోతులో చేప మూతి ఆనించినా నీ వేలికి తెలుస్తుంది. ఎండకి రంగు వెలిసినా కంగారు పడక్కర్లేదు, నూగు లేచిందంటే మాత్రం ఆ మేర కోసెయ్. ముందు భాగం అరిగిపోతే తిరగేసి చుట్టుకో, అడుగున ఉన్న కొత్త దారం పైకొస్తుంది. ఉప్పునీళ్లలో వేసిన రోజు మంచినీళ్లతో కడుగు.

కానీ మోనోకి వేసిన ముడే దీనికీ వేశావు కదూ, మొన్న యానాం దగ్గర? జారిపోయింది. జారక ఏం చేస్తుంది, ఇది నున్నటి దారం. పాలోమార్ ముడి వెయ్యి. ఖాళీ రీలుకి నేరుగా చుడితే అక్కడా జారి గిర్రున తిరుగుతుంది. అడుగున కాస్త మోనో చుట్టి, దాని మీద ఇది చుట్టు, బిగువుగా. చేప లాగుతున్నప్పుడు చేతికి మెలేసుకున్నావా, కత్తిలా కోస్తుంది. ఇంకోటి, పండుగప్ప చెంప రేకు పదును నీకు తెలియదు. బిగువు మీదున్న బ్రెయిడ్ దానికి తగిలితే ఇట్టే తెగుతుంది. ముల్లు దగ్గర బారెడు దళసరి మోనో కట్టుకో.

ఇప్పటికైనా తెలిసిందా, ఏది మంచిదని అడిగితే నేనెందుకు నవ్వానో? ఏ ఎండకా గొడుగు. మన చెరువులో బెండు కట్టి బొచ్చెలకు కూర్చుంటే మోనో. యానాం పాయల్లో లోతుకి వెయ్యాలన్నా, దూరం విసరాలన్నా బ్రెయిడ్, దాని కొసకి మోనో. రెండూ కొనుక్కో, కాదనను. కానీ ఇల్లలకగానే పండగ కాదు. దారం మారినప్పుడల్లా దాన్ని చూసుకునే తీరు మారింది. తాత ఎండబెట్టాడు, నేను నీడలో పెట్టాను, నువ్వు తిరగేసి చుడతావు. మారనిది ఒక్కటే, ఆ రెండు వేళ్ల పని.

కోసిన ముక్కలు గట్టున పారెయ్యకు. తాత దారం తుంచి పడేస్తే నాలుగు వానలకి మట్టిలో కలిసేది. ఇది కలవదు. కొంగ కాలికి చుట్టుకుంటే విప్పడానికి దానికి చేతులు లేవు. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చెయ్.

సరే, ఆ రీలు ఇలా తే. నువ్వు కొస పట్టుకుని కొబ్బరిచెట్టు దాకా నడువు. నేను ఇక్కణ్ణుంచి వేళ్లతో లాగుతూ వస్తాను. అన్నం ఎక్కడికీ పోదులే.