రంగం వెళ్లినవాళ్ల యుద్ధం

మా విశాఖపట్నంలో యుద్ధం మాటెత్తితే అందరూ 1942 ఏప్రిల్ 6 గురించే చెబుతారు. ఆ రోజు జపాన్ విమానాలు హార్బరు మీద, పవర్ హౌస్ మీద బాంబులు వేశాయి. కాకినాడ మీదా అదే రోజు పడ్డాయి. జనం ఊరొదిలి పారిపోయారు. లోపలి ఊళ్లలో ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్లు పెళ్లాంపిల్లల్ని రైలెక్కించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. హార్బరులో మూటలు మోసే కూలీకి మాత్రం ఊరొదిలితే ఆ పూట కూడు లేనట్టే.

నిజానికి ఆ కూలీ కులస్తులకు, చుట్టాలకు యుద్ధం అంతకుముందే సముద్రం అవతల మొదలైంది. ఈ తీరం నుంచి జనం తరతరాలుగా రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లేవారు. కూలీలను కుదిర్చే మేస్త్రీ టికెట్టు డబ్బు అడ్వాన్సుగా ఇచ్చి, అది తీరేదాకా కూలిలో కోసుకునేవాడు. అక్కడి రేవులో బియ్యం బస్తాలు మోసినవాళ్లలో, రిక్షాలు లాగినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. కోరంగి రేవు పేరుమీద వాళ్లను కొరంగీలనేవారు.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. రేవులో, వీధుల్లో పోయినవాళ్లలో కూలీలెందరో. డబ్బున్నవాళ్లు ఓడ క్యాబిన్లలో వెళ్లిపోయారు. కూలీలంతా పోతే రేవు ఆగిపోతుందని, మగవాళ్లకు డెక్ టికెట్లు కొన్నాళ్లు ఆపేశారు. మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. మిగిలినవాళ్లకు నడకే గతి: కొందరు టౌంగుప్ కనుమ దాటి అరకాన్‌కు, కొందరు టాము మీదుగా మణిపూర్‌కు. నీళ్లు లేవు, కలరా తగులుకుంది. తెల్లవాళ్లకో దారి, నల్లవాళ్లకో దారి పెట్టారని దేశంలో పెద్ద గొడవైంది. దాదాపు 5 లక్షల మంది ఇండియా చేరారని అంచనా. దారిలో రాలిపోయినవాళ్ల లెక్క 10 వేల నుంచి 50 వేల దాకా ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు.

ఇంటికి చేరినా యుద్ధం వదల్లేదు. బర్మా బియ్యం రావడం ఆగి ఇక్కడ ధర మండింది. గాదె నిండుగా ఉన్న రైతుకు ఆ ధర కలిసొచ్చింది. ఏ రోజు కూలితో ఆ రోజు శేరు బియ్యం కొనుక్కునేవాడు అప్పులపాలయ్యాడు. నిన్నటిదాకా ఆ బియ్యాన్ని ఓడకెత్తింది అతనే.

కంచరపాలెంలో బర్మా క్యాంపు ఉంది, కానీ అది 1960లలో వచ్చినవాళ్లది. 1942లో నడిచొచ్చినవాళ్ల పేరున నాకు తెలిసి ఒక్క వీధీ లేదు. మా ఊరి యుద్ధచరిత్ర ఎవరైనా రాస్తే, మొదటి తేదీగా డిసెంబర్ 23 వేయాలి.