మన బొగ్గులోని కర్బనం ఎక్కడిది?



వరోరా బొగ్గు, సింగరేణి బొగ్గు అన్నదమ్ముల్లాంటివి. వార్ధా లోయ పొరలు దక్షిణాన గోదావరి లోయ దాకా సాగుతాయి. 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవులే ఇలా బొగ్గయ్యాయి. మరి ఆ చెట్లలోకి కర్బనం ఎక్కడి నుంచి వచ్చింది?

1380 కోట్ల ఏళ్ల కిందట విశ్వం మొదలైనప్పుడు ఉన్నవి హైడ్రోజన్, హీలియం, కాస్త లిథియం. కర్బనం తర్వాత నక్షత్రాల కడుపులో పుట్టింది. మూడు హీలియం కేంద్రకాలు కలిస్తే ఒక కర్బన కేంద్రకం. అది అంత తేలిగ్గా జరగదు. కర్బనానికి ఒక ప్రత్యేక శక్తిస్థాయి ఉండి తీరాలని 1953లో ఫ్రెడ్ హాయిల్ పట్టుబట్టాడు. కాలిఫోర్నియాలో ప్రయోగం చేసి చూస్తే నిజంగానే దొరికింది! పుణేలో అయుకాను నిలబెట్టిన జయంత్ నార్లీకర్ ఈ హాయిల్ శిష్యుడే.

తొలి నక్షత్రాల్లో చాలావరకు భారీవి. కొన్ని పదుల లక్షల ఏళ్లకే పేలిపోయి, తాము వండినదంతా చుట్టూ ఉన్న వాయువులో చల్లాయి. తర్వాతి తరం నక్షత్రాలు ఆ వాయువులోంచే పుట్టాయి. విశ్వానికి 30 కోట్ల ఏళ్లు కూడా నిండని నాటి గెలాక్సీలో ఆక్సిజన్ ఉందని 2025లో చిలీలోని ఆల్మా దుర్భిణులు చూపాయి. అంటే అప్పటికే ఒక తరం నక్షత్రాలు పుట్టి గిట్టాయన్నమాట.

బొగ్గు పని కోసం ఈ జిల్లాకు వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో. మనదే ఊరని పిల్లలడిగితే కరీంనగరనో వరంగల్లనో చెప్తాం. మన ఒంట్లోని కర్బనానికి, పక్కింటి మరాఠీవారి ఒంట్లోని కర్బనానికి మాత్రం పుట్టినూరు ఒకటే.